ఏరువాకకు ముందే వినాల్సిన మాట: కృష్ణా జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టరు గారికి,

కాలువలకు నీళ్లు వదిలే రోజులు దగ్గరపడ్డాయి. దివిసీమలో ఈ రోజుల కోసం ఎదురుచూడని రైతు లేడు. ఈ రోజులంటే లోపల్లోపల భయపడని తల్లీ లేదు. నీరు పొలాలకెక్కగానే గట్ల బొరియల్లో ఉన్న పాములు పొడి నేల వెతుక్కుంటూ బయటికొస్తాయి. ఆ పొడి నేల మా పెరడు, మా పశువుల కొట్టం, మా వంటపాక, మేం చాప పరుచుకుని పడుకునే పంచ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల మండలాల్లో ఏ ఊరికి వెళ్లినా పాముకాటుకు మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఒకటి చూపిస్తారు.

ఈ ఉత్తరం వైద్య శాఖకు కాకుండా మీకే రాయడానికి కారణం ఉంది. పాముకాటు పేరు చెప్పగానే అందరూ ఆసుపత్రి వైపు, ఇంజక్షన్ సీసాల వైపు చూస్తారు. ఇంజక్షన్ కావాల్సిందే, దాని గురించి ముందు ముందు గట్టిగానే అడుగుతాను. కానీ ఈ చావు ఆసుపత్రిలో మొదలవదు. ఇంట్లో, చీకట్లో, నేల మీద మొదలవుతుంది. చీకటి పంచాయతీ వాళ్ల పని, ఎలుకలు వ్యవసాయ శాఖ పని, పాములు అటవీ శాఖ పని, బడిపిల్లలు విద్యాశాఖ పని, మందు వైద్యశాఖ పని. ఈ అయిదుగురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఫలానా తేదీకల్లా ఇది జరగాలని చెప్పగలిగిన అధికారి జిల్లాలో మీరొక్కరే.

2018 ఆగస్టు మాకింకా గుర్తుంది. దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి రాష్ట్రమంతా మా గురించి మాట్లాడుకుంది. ఆ నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో దేవాదాయ శాఖ ఆధ్వర్యంలో సర్పశాంతి యాగం జరిగింది. ఆ యాగాన్ని నేను తప్పుపట్టను. మోపిదేవి స్వామికి మొక్కుకోని కుటుంబం మా వైపు అరుదు. నాగేశ్వరరావు, నాగేంద్రం, నాగమణి లేని వీధి ఉండదు. భయంలో ఉన్న జనం గుడికి వెళ్లడం సహజం. నా బాధల్లా, ఆ యాగానికి ముహూర్తం పెట్టినంత శ్రద్ధగా మంచాలకు, దోమతెరలకు, వీధిదీపాలకు ఎవరూ ముహూర్తం పెట్టలేదని. కెమెరాలు వెళ్లిపోయాయి. పాములు ఏటా వస్తూనే ఉన్నాయి.

ఇది మా ఒక్క సీమ గోడు కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని, 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణతో కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. చావుల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ప్రభుత్వ రిజిస్టర్లలో ఉండే అంకె దీనికి ఎక్కడా దగ్గరగా రాదు. ఎందుకంటే ఎక్కువ మంది ఆసుపత్రి గడప తొక్కకముందే పోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 కల్లా ఈ మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో 2024 మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసింది. ఢిల్లీలో ప్రణాళిక ఉంది. మా గ్రామ సచివాలయం గోడ మీద దాని జాడ ఉందో లేదో చూడమని నా మనవి.

ఇప్పుడు కట్లపాము గురించి చెప్పాలి. నాగుపాము పడగెత్తి హెచ్చరిస్తుంది. రక్తపింజరి కుక్కరు ఆవిరి వదిలినట్టు బుసకొడుతుంది. కట్లపాము ఏ చప్పుడూ చేయదు. నల్లగా నిగనిగలాడే ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు ఉండి, పగలు ఇటుకల సందునో కట్టెల కిందో ముడుచుకుని ఉంటుంది. రాత్రి వేటకు బయల్దేరుతుంది. దాని తిండి బల్లులు, ఎలుకలు, చిన్న పాములు. వాటి వెంటే ఇంట్లోకి వస్తుంది తప్ప మన కోసం రాదు. నేల మీద పడుకున్న మనిషి నిద్రలో కదిలి చెయ్యో కాలో దాని మీద వేస్తే కరుస్తుంది. కోరలు చిన్నవి. గాటు కంటికి ఆనదు, నొప్పి ఉండదు, వాపు రాదు. చాలామందికి మెలకువ కూడా రాదు.

తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలవుతుంది. వాంతి అవుతుంది. రాత్రి తిన్నది అరగలేదనుకుని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు ఇస్తారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి మింగడం చేతకాదు. మత్తుగా ఉందేమో, కాసేపు పడుకోనివ్వండి అంటారు. ఆ కాసేపట్లోనే ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. కలెక్టరు గారూ, ఈ వరస మా ఊళ్లలో ప్రతి తల్లికీ, ప్రతి ఆశా కార్యకర్తకూ, ప్రతి ఆర్‌ఎంపీకీ నోటికి రావాలి. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పి అని లేచి, కళ్లు తెరవలేకపోతుంటే, కాటు కనపడినా కనపడకపోయినా కట్లపామునే అనుమానించాలి. ఇంకో మాట కూడా వాళ్లకు తెలియాలి. కట్లపాము విషం ఎక్కిన మనిషి రెప్ప ఎత్తలేడు, వేలు కదపలేడు, కానీ స్పృహలో ఉండి పక్కవాళ్ల ఏడుపు వింటూ ఉండొచ్చు. కదలడం లేదు కదా అని పోయాడనుకోకూడదు. చేత్తో నొక్కే ఊపిరి సంచీతో శ్వాస అందిస్తూ, తర్వాత వెంటిలేటరు మీద ఉంచగలిగితే అలాంటివాళ్లు కొన్ని రోజులకు కోలుకుని నడిచి ఇంటికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. ఒక మంచం, ఒక దోమతెర. తెర అంచులను పరుపు కిందికో చాప కిందికో గట్టిగా దోపితే పాము లోపలికి రాలేదు. నేపాల్ దక్షిణ మైదానాల్లో చేసిన అధ్యయనంలో దోమతెరలో పడుకునేవాళ్లకు కాటు ముప్పు బాగా తక్కువని తేలింది. ఏజెన్సీ గ్రామాల్లో మలేరియా కోసం మందు పూసిన దోమతెరలను ప్రభుత్వం ఇంటింటికీ పంచింది. దివిసీమలో నేల మీద పడుకునే కుటుంబాలకు, అందులోనూ కౌలు రైతుల, కూలీల ఇళ్లకు, కరకట్ట మీద పాకలకు, చేపల చెరువుల గట్ల మీద కాపలా గుడిసెలకు అదే పని చేయండి. లెక్క తీయడానికి కొత్త సర్వే అక్కర్లేదు. ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో తెలుసు.

ఇంటి చుట్టూ చేసుకోవాల్సింది మా పని, దాన్ని ప్రభుత్వం మీద రుద్దను. పిడకల గూడు, కట్టెల మోపు, గడ్డివాము ఇంటి గోడకు ఆనించి వేసుకోవడం మాకు అలవాటు. వాన తడవకుండా చూరు కిందికి లాగుతాం. ఎలుక అక్కడే కాపురం పెడుతుంది, ఎలుక కోసం పాము వస్తుంది. వాటిని గోడకు దూరంగా, నేల నుంచి జానెడు ఎత్తున రాళ్ల మీదో దుంగల మీదో పేర్చుకోవాలి. మా ఇంట్లో తలుపుల కింది సందుకు రబ్బరు పట్టీలు బిగించాం, స్నానాలగది తూముకు జల్లెడ పెట్టాం. ఇద్దరు మనుషులు ఒక పూట చేసిన పని అది. కోళ్ల గూడు పడకగది కిటికీ పక్కన ఉండకూడదు. ధాన్యం బస్తాలు గోడకు తగలకుండా బల్ల మీద ఉండాలి. మరుగుదొడ్లు చాలా ఇళ్లలో పిడకలు, పాత సామాను పెట్టుకునే గదులయ్యాయి. దాంతో ఆడవాళ్లు చీకటిపడ్డాక చెంబు పట్టుకుని గట్టు మీదికే వెళ్తున్నారు. కట్టిన దొడ్డి కళ్లెదుటే ఉండగా గట్టు మీద ఒక ఆడమనిషి కాటుకు బలవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ఈ ఒక్కదాని మీదైనా మహిళా సంఘాల సమావేశాల్లో గట్టిగా మాట్లాడించండి.

వీధిదీపాలు మాత్రం మీ చేతిలోనివి. ఊరి నడిమధ్య స్తంభాలు వెలుగుతాయి. దళితవాడ చివర, కాలువ గట్టు మీద, పశువుల కొట్టాలకు వెళ్లే డొంకలో వెలగవు. కాట్లు పడేది అక్కడే. ఏ మండలంలోనైనా గత రెండేళ్లలో కాటు పడిన చోట్లను ఊరి పటం మీద చుక్కలు పెట్టించి చూడండి, ఏ స్తంభానికి ముందు బల్బు వేయాలో పంచాయతీ కార్యదర్శికి వేరే చెప్పక్కర్లేదు. అలాగే కాలువ వంతు నీళ్లు. రాత్రి వంతు వచ్చిన రైతు గట్టు మీద నడవక తప్పదు. టార్చిలైటు, చేతికర్ర, మోకాలి కిందిదాకా వచ్చే గమ్ బూట్లు ఉంటే చాలా కాట్లు తప్పుతాయి, ఎందుకంటే పొలంలో పడే కాట్లలో ఎక్కువ భాగం పాదానికీ పిక్కకూ మధ్యే. నాట్లప్పుడు బురదలో బూట్లతో దిగలేరు, అది నాకు తెలుసు. కోతలప్పుడు, పనలు ఎత్తేటప్పుడు, కుప్ప వేసేటప్పుడు మాత్రం బూట్లూ చేతి తొడుగులూ పనికొస్తాయి. పనల కింద చల్లగా చుట్టుకుని పడుకునేది రక్తపింజరి. ఎండిన గడ్డి రంగులో కలిసిపోయి చెయ్యి పెట్టేదాకా కనపడదు. సబ్సిడీ మీద స్ప్రేయర్లు, టార్పాలిన్లు ఇచ్చే వ్యవసాయ శాఖ కూలీకి ఒక జత బూట్లు ఇవ్వడానికి వెనకాడకూడదు.

పెరట్లో పాము రాకుండా వెల్లుల్లి దంచి చల్లడం, గంధకం పోయడం, కిరసనాయిలు చల్లడం, కార్బాలిక్ యాసిడ్ సీసాలు మూలల్లో పెట్టడం చేస్తుంటారు. వీటితో పాములు రావడం ఆగదు. యాసిడ్ మాత్రం పిల్లల చేతులు కాలుస్తుంది. వీటికి పెట్టే డబ్బు దోమతెరకు పెట్టుకోమని ఏఎన్‌ఎం చేత చెప్పించాలి. పాము పగబడుతుందన్న నమ్మకం కూడా పాముల్ని పెద్ద సంఖ్యలో చంపిస్తోంది. చంపబోయి కాటు తిన్నవాళ్లూ తక్కువేం కాదు. జెర్రిపోతుకు విషం లేదు, అది మా గాదెల్లో ఎలుకలు తినే పాము. నీరుకట్టుకూ విషం లేదు. వన్యప్రాణి చట్టం రక్షణ వీటికి ఉందన్న సంగతి మా ఊళ్లో చాలామందికి తెలియదు. తెలంగాణలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఎన్నో ఏళ్లుగా ఇళ్లల్లో దూరిన పాముల్ని పట్టి అడవిలో వదులుతోంది. కేరళ అటవీ శాఖ 'సర్ప' యాప్‌తో శిక్షణ పొందినవాళ్లను ఇంటికి పంపిస్తోంది. మన మండలానికి ఇద్దరు శిక్షణ ఉన్న మనుషులు, వాళ్ల చేతిలో సరైన కొక్కెం, సంచీ, బీమా ఉంటే ప్రతి పాముకూ కర్ర ఎత్తే అవసరం ఉండదు. ఒట్టి చేత్తో పాముపట్టి సెల్‌ఫోన్ వీడియోలకు నిలబడే కుర్రాళ్లను మాత్రం ఎవరూ ప్రోత్సహించకూడదు. వాళ్ల ప్రాణాలే ముందు పోతాయి.

ఎలుకల సంగతికి వస్తే, ఈ సీమలో ఆ విద్య తెలిసినవాళ్లు యానాదులు. గట్టులో ఏ బొరియలో ఎలుక ఉందో, ఏ బొరియలో పాము ఉందో మట్టి చూసి చెప్పగలరు. బొరియలోకి కుండతో పొగ ఊది ఎలుకల్ని పడతారు. తరాలుగా రైతు పంటను కాపాడింది వీళ్లు. కాట్లు తినేదీ ఎక్కువగా వీళ్లే, ఊరికి దూరంగా పాకల్లో నేల మీద పడుకునేదీ వీళ్లే. తమిళనాడులో పాములు పట్టే ఇరుళ తెగవాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల్ని పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. దేశంలో తయారయ్యే పాముకాటు మందుకు కావాల్సిన విషంలో పెద్ద వాటా వాళ్లు ఇచ్చేదే. ఆ సమాజానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మన యానాదుల నైపుణ్యానికి అలాంటి గౌరవం ఎందుకు దక్కకూడదు? నారుమడి దశలోనే వ్యవసాయ శాఖ సామూహిక ఎలుకల నివారణ పెట్టి, బ్రోమోడయోలిన్ ఎరలతో పాటు యానాదులకు సరైన కూలీ ఇచ్చి గట్లలో ఎలుకలు పట్టిస్తే ఊరి చుట్టూ ఎలుక తగ్గుతుంది. వాళ్ల పిల్లల చేతికి మొదటి దోమతెరలు ఇవ్వండి.

ఇక కాటు పడ్డాక ఏం జరుగుతుందో చెప్తాను. ఇంట్లో గోల మొదలవుతుంది. ఒకరు చీర చెంగు చించి కాలికి బిగిస్తారు. ఒకరు బ్లేడు తెస్తారు. ఒకరు పక్క ఊరి మంత్రగాడి దగ్గరికి బండి తీస్తారు. మంత్రగాడి పేరు ఎందుకు నిలబడిందంటే, కాట్లలో చాలా భాగం విషం లేని పాములవి. విషపు పాము కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కరుస్తుంది. ఆ మనుషులు ఎలాగూ బతుకుతారు, ఆ బతుకు మంత్రం ఖాతాలో పడుతుంది. నిజంగా విషం ఎక్కినవాడు ఆ పంచలోనే గంటలు పోగొట్టుకుంటాడు. మంత్రగాళ్లను పోలీసులతో బెదిరించమని నేను అడగను, జనం రహస్యంగా వెళ్తారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. విభూతి పెట్టినా సరే, ఆ నిమిషంలోనే 108కి ఫోన్ చేయాలని చెప్పండి. జనం మా మాట కంటే ముందు వాళ్ల మాట వింటారు.

మా ఊళ్లో ప్రతి గోడ మీదా రాయించాల్సింది ఇంతే. కరిచిన కాలిని, చేతిని కదపనివ్వకుండా, విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర పెట్టి మెత్తటి గుడ్డతో వదులుగా కట్టాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు వెంటనే తీసేయాలి, వాపు వచ్చాక తీయలేరు. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించకూడదు, పసరు పోయకూడదు. మనిషిని నడిపించకూడదు, పరుగెత్తించకూడదు. 108 రావడం ఆలస్యమైతే మోటారుసైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని వెళ్లాలి. పామును చంపి సంచీలో వేసుకుని వెళ్లనక్కర్లేదు. చచ్చిన పాము తల కూడా కాసేపటి వరకు కరవగలదు. ఇక్కడి నాలుగు ప్రధాన విషపు పాములకూ మందు ఒకటే కాబట్టి ఏ పామో తెలియకపోయినా వైద్యం ఆగదు. ఇప్పటికే తాడు బిగించి తెస్తే దాన్ని దారిలో తెంచకూడదు, మందు సిద్ధంగా ఉన్న చోట వైద్యుడే విప్పాలి. గోడ రాత కింద ఒక ఫోన్ నంబరు, రాత్రి పన్నెండు గంటలకు కూడా మందు దొరికే దగ్గరి ఆసుపత్రి పేరు ఉండాలి. రాత్రిపూట తాళం వేసి ఉన్న ఆసుపత్రి దగ్గర గంట పోగొట్టుకున్న మనుషులు ప్రతి మండలంలో ఉన్నారు.

ఇప్పుడు ఆసుపత్రి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఒకే మందు మన దగ్గర ఉంది. పొడి రూపంలో వచ్చే సీసాలు ద్రవం కంటే నిల్వకు నమ్మకమైనవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మొదటి మోతాదుకు కావాల్సిన పది సీసాలు ఎప్పుడూ ఉండాలి. నిల్వ కంటే నన్ను ఎక్కువ వేధించేది భయం. ఇంజక్షన్ వేస్తే రియాక్షన్ వస్తుందేమో, మనిషి పోతే ఊరంతా మీద పడుతుందేమో అని కొన్నిచోట్ల యువ వైద్యులు ఒక్క సీసా కూడా ఎక్కించకుండా పెద్దాసుపత్రికి పంపేస్తున్నారు. దారిలో విషం తన పని తాను చేసుకుపోతుంది. రియాక్షన్ వస్తే ఆదుకునే అడ్రినలిన్ అదే గదిలో ఉంటుంది. చర్మం మీద పరీక్ష మోతాదు వేసి చూడాల్సిన అవసరం లేదని జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. పిల్లలకు కూడా పెద్దవాళ్లంత మోతాదే వేయాలని అవే చెప్తున్నాయి, ఎందుకంటే పాము చిన్నపిల్లాడిలోకి విషం తగ్గించి ఎక్కించదు. ఏరువాకకు ముందే జిల్లాలో ప్రతి వైద్యుడికీ, స్టాఫ్ నర్సుకూ ఒక్కరోజు శిక్షణ పెట్టండి. తన విధి నిర్వర్తించి కూడా మనిషిని బతికించలేకపోయిన వైద్యుడికి మీరు అండగా ఉంటారని ఆ రోజే మీ నోటితో చెప్పండి. ఆ భరోసా సీసాలంత అవసరం.

ఇరవై నిమిషాల రక్త పరీక్ష ప్రతి కేంద్రంలో చేయవచ్చు. కొత్త, శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టకుండా జారితే పింజరి విషం ఎక్కినట్టు అనుమానించి మందు మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ గొట్టం వాడితే, సబ్బుతో కడిగిన గొట్టం వాడితే ఈ పరీక్ష మోసం చేస్తుంది. గాజు గొట్టాలు కొనిపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రక్తపింజరి కాటులో చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం కనపడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అలాంటివాళ్లను మొదటి మోతాదు వేసి డయాలసిస్ ఉన్న చోటికి పంపాలి. కట్లపాము కాటుకు అంబులెన్సులోనే ఊపిరి సంచీ నొక్కగల మనిషి ఉండాలి. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పాముకాటు మనిషి వచ్చేలోపు వెంటిలేటరు మంచం సిద్ధం చేయడానికి అవనిగడ్డ నుంచి అక్కడికి నేరుగా ఒక ఫోన్ లైను ఏర్పాటు చేయించండి.

మత్స్యకారుల మాట మరవొద్దు. నాగాయలంక, కోడూరు తీరాల్లో వల తీసి చేపలు ఏరేటప్పుడు సముద్రపు పాములు చేతికి తగులుతాయి. వాటికి విషం ఉంది, మన దగ్గరున్న మందు వాటిపై పనిచేయదు. వలలో తోక తెడ్డులా చదునుగా ఉన్న పాము కనపడితే చేత్తో ముట్టవద్దని బోటు యజమానులకు చెప్పించాలి. కాటు పడితే ఆలస్యం లేకుండా ఊపిరి యంత్రం ఉన్న చోటికి తేవాలి.

వరదలప్పుడు ఈ కష్టం ఇంకా పెరుగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదిలినప్పుడు లంక గ్రామాల జనం కరకట్ట మీదికి చేరారు. నీటిలోంచి బతికి బయటపడ్డ పాములూ అదే కట్ట ఎక్కాయి. ఎదురుమొండి దీవులవాళ్లకు రాత్రి కాటు పడితే కృష్ణను దాటి రావాలి. వరద రోజుల్లో పంటు నడవదు. వర్షాలు మొదలవగానే అక్కడి ఉపకేంద్రంలో మందు, వేయగలిగిన వైద్యుడు, ఆక్సిజన్, ఊపిరి సంచీ ఉండాలి. పునరావాస శిబిరాల్లో పులిహోర పొట్లాలతో పాటు దోమతెరలు, టార్చిలైట్లు కూడా ఇవ్వాలి.

పాత సంగతి ఒకటి చెప్తాను, చరిత్ర మీద ప్రేమతో కాదు, అడగాల్సింది ఉండి. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఉండేవాడు. ఈ తీరంలోని పాముల్ని సేకరించి, ఏది విషపుదో ఏది కాదో జనం గుర్తుపట్టేలా బొమ్మలు వేయించాడు. మన ఊళ్లవాళ్లు చెప్పిన తెలుగు పేర్లు వాటి పక్కన రాసుకున్నాడు. మనం రక్తపింజరి అంటున్నదాన్ని కాటుక రేకుల పొడ అని నమోదు చేశాడు. ఆ పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. రక్తపింజరికి శాస్త్రలోకంలో ఆయన పేరే ఉంది. రెండు శతాబ్దాల కిందట మన తాతలు చూపించిన పాములు లండన్‌లో అచ్చయ్యాయి కానీ మా ఊరి ప్రాథమిక పాఠశాల గోడ మీద ఆ నాలుగు పాముల రంగుల బొమ్మ లేదు. జిల్లాలో ప్రతి బడిలో, ప్రతి అంగన్‌వాడీలో విషపు పాములు నాలుగూ, వాటిలాగే కనిపించే విషం లేనివీ పక్కపక్కన పెట్టి ఒక పెద్ద పటం వేయించండి. నాగుల చవితి కార్తీకంలో వస్తుంది, అప్పటికి మా పొలాలు కోతకు సిద్ధమవుతుంటాయి. ఆ ఉదయం పుట్టల దగ్గర చేరే ఆడవాళ్లకు ఆశా కార్యకర్త పది నిమిషాలు చెప్తే ఏ సభకూ రాని మనుషులకు ఆ మాట చేరుతుంది.

చివరగా లెక్క. పాముకాటును తప్పక నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించమని 2024 నవంబరులో కేంద్రం రాష్ట్రాలను కోరింది. కర్ణాటక అదే ఏడాది ఫిబ్రవరిలోనే ఆ పని చేసింది. ఆసుపత్రికి వచ్చిన కాట్లే కాదు, ఇంటి దగ్గర, మంత్రగాడి దగ్గర పోయిన ప్రాణాలు కూడా సచివాలయం స్థాయిలో ఆశా కార్యకర్త చేత రాయించండి. ఎక్కడ, ఏ వేళకు, నేల మీదా పొలంలోనా, ఎంతసేపటికి మందు పడింది, ఈ నాలుగు ముక్కలు చాలు. మూడు నెలల రిజిస్టరు మీ బల్ల మీదికి వచ్చాక ఏ ఊరికి దీపం, ఏ ఊరికి దోమతెర, ఏ ఆసుపత్రికి వైద్యుడు కావాలో మీకే కనపడుతుంది.

కాలువలకు నీళ్లు వదిలే తేదీ నీటిపారుదల శాఖ ముందే ప్రకటిస్తుంది. ఆ తేదీకి రెండు వారాల ముందు ఆరు మండలాల అధికారులనూ అవనిగడ్డలో కూర్చోబెట్టండి. ఆ సమావేశానికి యానాది పెద్దలనూ, ఆశా కార్యకర్తలనూ, కాటు తిని బతికినవాళ్లలో ఇద్దరినీ కూడా పిలవండి. మీరు పిలిస్తే నేనూ వస్తాను. ఆ రోజు నా దగ్గరున్న కాట్ల జాబితా, ఊరి పటాలు మీకు అప్పగిస్తాను.

ఇట్లు,
నాగాయలంక మండలానికి చెందిన ఒక రైతు